రంగు దారంలో ఉందా, వెలుతుర్లో ఉందా: మా బడి చీకటి గదిలో నలభై రోజులు

2025 జనవరి 20, సోమవారం. సంక్రాంతి సెలవులయ్యాక బడి తెరిచిన రోజు. తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. "మేడం, దారం అంగట్లో చూస్తే ఒక రంగు, బయటికొచ్చి చూస్తే ఇంకో రంగు. ఏది నిజం మేడం?"

మాది ధర్మవరం పక్క పల్లెలో జెడ్పీ హైస్కూలు. నేను భౌతికశాస్త్రం చెప్తాను. మా పిల్లల్లో సగం మంది ఇళ్ళల్లో మగ్గాలున్నాయి. సెలవుల్లో ఆ అమ్మాయి వాళ్ళ నాయన పేకకు, అంటే మగ్గంలో అడ్డంగా నేసే పోగుకు, పట్టుదారం తెచ్చాడట. సాయంత్రం అంగట్లో ట్యూబ్‌లైటు కింద నిలువు పోగుల పడుగు ముక్క పక్కన పెట్టి చూస్తే సరిగ్గా కలిసింది. పొద్దున ఇంటి ముందు ఎండలో చూస్తే కలవలేదు. దారం వెనక్కి తీసుకోలేదు. ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదంట.

వస్తువు మీద పడిన వెలుతుర్లో ఏ రంగు వెనక్కి వస్తే ఆ రంగే మనకు కనబడుతుందని చెప్పాను. తల ఊపి కూర్చుంది. కానీ అర్థమైన ముఖం కాదది. పదకొండేళ్ళుగా ఆ ముఖాలు చూస్తున్నాను, తేడా తెలుసు నాకు. ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్తూ నిర్ణయించుకున్నాను. ఫిబ్రవరి 28 సైన్సు దినోత్సవానికి ఈసారి చార్టులు రాయించి గోడకు అతికించడం వద్దు. ఒక చీకటి గది చేద్దాం, ఈ ప్రశ్నకు జవాబు అందులో పిల్లలే వెతుక్కోవాలి.

ఇలాంటిది మొదలుపెట్టాలనుకునే టీచర్లకు, ఇంట్లో పిల్లలతో చేసుకోవాలనుకునే తల్లిదండ్రులకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

హెచ్ఎం సార్ ఒప్పుకోవడానికి ఒక్క రోజే పట్టింది. షరతు ఒకటే: పదో తరగతి పిల్లల్ని కదిలించకూడదు, వాళ్ళకు మార్చిలో పబ్లిక్ పరీక్షలు. అందుకని ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి పద్నాలుగు మందిని తీసుకున్నాను. విరిగిన బెంచీలు పెట్టే పాత స్టోరు గది మాకిచ్చారు. దాన్ని ఊడ్చి, బెంచీలు ఒక మూలకు సర్దడానికి మూడు సాయంత్రాలు. ఆ తర్వాత అసలు కష్టం మొదలైంది. చీకటి.

గదిని చీకటి చేయడం ఇంత పని అని నేను అనుకోలేదు. రెండు కిటికీలు, ఒక తలుపు, అంతే కదా అనుకున్నాను. 120 రూపాయలకు నల్ల చార్టులు తెచ్చి అంటించాం. ఎండ పడేసరికి చార్టులు గోధుమరంగులో మెరిశాయి, వెలుతురు లోపలికి దర్జాగా వస్తోంది. మర్నాటికి గాలికి ఊడిపోయాయి కూడా. దుప్పట్లు కట్టాం. సందుల్లోంచి చారలు చారలుగా ఎండ. జనవరి 28 దాకా ఇదే తంతు. ఆ రోజు ఎనిమిదో తరగతి పిల్లాడొకడు వాళ్ళ తోటలోంచి కర్బూజా మడులకు పరిచే మల్చింగ్ షీటు మిగిలింది పట్టుకొచ్చాడు. ఒక పక్క నలుపు, ఒక పక్క వెండిరంగు. వెండి వైపు బయటికి, నలుపు లోపలికి పెట్టి ప్యాకింగ్ టేపుతో నాలుగు అంచులూ అంటించాం. చీకటంటే అదీ. బయటి వైపు వెండిరంగు ఎండను వెనక్కి కొట్టేస్తుంది కాబట్టి గది మరీ ఉడికిపోలేదు. డబ్బు పెట్టి కొన్నవేవీ పనిచేయలేదు, ఉచితంగా వచ్చిందే నిలబడింది. టేపుకు మాత్రం 140 రూపాయలయ్యింది.

తలుపు మూసి పిల్లల్ని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోమన్నాను. కళ్ళు చీకటికి అలవాటు పడాలి. ఇది ఎవరూ చెప్పరు కానీ చాలా ముఖ్యం. ఎండలోంచి నేరుగా వచ్చి చూస్తే సగం ప్రయోగాలు "ఏమీ కనబడటం లేదు మేడం" అనే మాటతోనే ఆగిపోతాయి.

మూడు నిమిషాలు గడిచాయో లేదో వెనక నుంచి ఒక కేక. "మేడం! గోడ మీద యాపసెట్టు!"

కిటికీ చెక్కలో పాత గడియ ఊడిపోయిన చోట మరమేకు పట్టేంత బెజ్జం ఒకటి ఉంది. అక్కడ షీటు కాస్త చిరిగింది. ఆ బెజ్జంలోంచి వచ్చిన వెలుతురు ఎదురు గోడ మీద మా బడి ముందున్న వేపచెట్టును తలకిందులుగా దించింది. కొమ్మలు కిందికి, మొదలు పైకి. పైన నేల, కింద ఆకాశం. ఆకుపచ్చ ఆకుపచ్చగానే ఉంది. గాలికి కొమ్మలు ఊగుతుంటే గోడ మీద కూడా ఊగాయి. అంతలో రోడ్డు మీద ఆటో ఒకటి వెళ్ళింది. గోడకు పైన, చక్రాలు పైకి పెట్టుకుని, ఎదురు దిక్కుకు జారిపోయింది. పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. నేనూ అంతే. సూదిబెజ్జం కెమెరా బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. గదంత కెమెరాలో కూర్చోవడం మాత్రం నాకదే మొదటిసారి.

ఒక పిల్ల బయటికి పరిగెత్తి చెట్టు కింద నిలబడి చేతులూపింది. లోపల పద్దెనిమిది అంగుళాల తలకిందుల పిల్ల చేతులూపింది. ఆ రోజు అందరూ వంతులేసుకుని బయటికెళ్ళి చేతులూపడమే పాఠం. "పైనుంచి వచ్చే వెలుతురు బెజ్జంలోంచి కిందికే పోవల్ల కదా మేడం, నేరుగానే పోతాది కాబట్టి" అని ఒకడన్నాడు. నేను చెప్పాల్సింది ఇంకేమీ మిగల్లేదు.

ఈ బెజ్జం నుంచే మాకు ఇంకో ప్రయోగం తట్టింది. అరచేతిలో పట్టే అద్దానికి నల్ల కాగితం అంటించి, మధ్యలో అర సెంటీమీటరు బెజ్జం వదిలాం. అద్దాన్ని ఆవరణలో ఇటుకల మీద నిలబెట్టి, ఎండను తెరిచిన తలుపు గుండా చీకటి గది గోడ మీదికి పంపాం. గోడ మీద గుండ్రటి వెలుతురు పడింది. అది బెజ్జం బొమ్మ కాదు, సూర్యుడి బొమ్మ. నమ్మకపోతే బెజ్జాన్ని చతురస్రంగా కత్తిరించి చూడండి, గోడ మీద గుండ్రమే వస్తుంది. అద్దం నుంచి గోడకు దూరం 18 మీటర్ల 40 సెంటీమీటర్లు. బొమ్మ అడ్డకొలత 17.8 సెంటీమీటర్లు. అంచులు మసకగా ఉన్నాయి కాబట్టి నాలుగుసార్లు కొలిచాం. బెజ్జం వెడల్పు అర సెంటీమీటరు తీసేస్తే 17.3. అంటే దూరంలో సుమారు 106వ వంతు. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కదా, 106తో భాగిస్తే 14 లక్షల చిల్లర. అసలు లెక్క 13.9 లక్షల కిలోమీటర్లు. అద్దం ఖరీదు 20 రూపాయలు.

ఇక్కడే నేను పొరపాటు చేశాను. సూర్యుణ్ణి నేరుగా చూడొద్దని పదిసార్లు చెప్పాను కానీ, అద్దంలోంచి వచ్చే వెలుతురు దారిలో తల పెట్టొద్దని చెప్పలేదు. ఒక పిల్లవాడు గోడ దగ్గర్నుంచి వెనక్కి తిరిగి నేరుగా అద్దం వైపు చూశాడు. రెప్ప వెంటనే మూశాడు, కాసేపు కళ్ళ ముందు మచ్చ కనబడి పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు బడికి రాగానే ముందు వాడి దగ్గరికే వెళ్ళాను, బాగానే ఉన్నాడు. ఆ రోజు నుంచి వెలుతురు వెళ్ళే దారికి రెండు పక్కలా తాడు కట్టాం, అద్దం దగ్గర ఒక మనిషి ఉండకుండా ప్రయోగం లేదు. మీరు చేస్తే మొదటి రోజే తాడు కట్టండి.

ఇక రంగుల సంగతి. జనవరి 29న వెలుతురును రంగులుగా విడదీసే గాజు పట్టకం ఆన్‌లైన్లో పెట్టాను, 380 రూపాయలు. ఐదు రోజుల్లో వస్తుందన్నారు, పదకొండు రోజులకు వచ్చింది, ఒక మూల పెచ్చు ఊడి. పనికి అడ్డం రాలేదు కనుక ఉంచేసుకున్నాను. నిజానికి ఆ పదకొండు రోజుల ఎదురుచూపే మేలు చేసింది. వంటగదిలోంచి పెద్ద పళ్ళెం తెచ్చి నీళ్ళు పోసి, అందులో అద్దాన్ని ఏటవాలుగా ఆనించాం. అద్దం మీదున్న నీళ్ళే పట్టకంలా పనిచేస్తాయి. పొద్దున తొమ్మిదింటి లోపు ఎండ వాలుగా ఉంటుంది, అప్పుడైతే నీడలో పట్టుకున్న తెల్ల చార్టు మీద రంగులు వెడల్పుగా పడతాయి. పదకొండు దాటాక మేము ఎంత తిప్పినా సరిగ్గా కుదరలేదు. నీళ్ళు కదిలితే రంగులన్నీ వణికి కలిసిపోతాయి. నీళ్ళు తేటపడేదాకా ఊపిరి బిగబట్టి నిలబడాలి. ఆ నిలబడటంలో పిల్లలకు వచ్చిన ఓపిక పట్టకంతో వచ్చేది కాదు. పట్టకం చేతికొచ్చాక అందరూ బాగుందన్నారు, మళ్ళీ నీళ్ళ పళ్ళెం దగ్గరికే పోయారు.

న్యూటన్ రంగుల చక్రం విషయంలో మాత్రం చాలా నిరాశపడ్డాం. అట్టముక్క మీద ఏడు రంగులూ వేసి, ఆటబొమ్మల మోటారుకు తగిలించి తిప్పాం. మోటారు, బ్యాటరీ కలిపి 90 రూపాయలు. తెలుపు రాలేదు. బూడిదరంగు వచ్చింది. పుస్తకంలో తెలుపు అని ఉంది కదా అని పిల్లలు నా ముఖం చూశారు. రెండు రోజులు రంగుల పాళ్ళు మార్చాం, వేగం పెంచాం, బూడిదరంగే. మూడో రోజు చీకటి గదిలో ఒక నల్ల అట్టకు బెజ్జం చేసి, టార్చి వెలుతురు తిరిగే చక్రం మీద మాత్రమే పడేట్టు పెట్టాం. చుట్టూ ఏమీ కనబడని చీకటి. చక్రం తెల్లగా ఉంది. అనుమానం లేని తెలుపు. దాని పక్కన ఒక తెల్ల కాగితం వెలుతుర్లోకి తోశాం, చక్రం మళ్ళీ బూడిదైపోయింది. ఒక్కో రంగు ముక్కా తన మీద పడ్డ వెలుతుర్లో కొంతే వెనక్కి పంపుతుంది, కాబట్టి మొత్తం కలిసినా కాగితమంత వెలుగు ఉండదు. బూడిద అంటే వెలుగు తగ్గిన తెలుపే. ఇది నాకూ కొత్తే. బీఎస్సీలో చదివాను, బీఈడీలో పాఠం చెప్పి చూపించాను, కానీ ఎప్పుడూ కంటితో చూడలేదు.

ఫిబ్రవరి 3 నుంచి రంగు నీడలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం బల్బులు మూడు. మొదట 40 రూపాయల చొప్పున అర వాట్ బెడ్‌రూమ్ బల్బులు తెచ్చాను, నలుగురు చూడటానికి కూడా వెలుతురు చాలలేదు. 120 రూపాయలు వృథా. తర్వాత 150 చొప్పున తొమ్మిది వాట్లవి. హోల్డర్లు, వైరు, ప్లగ్గు 210. మూడూ వెలిగిస్తే గోడ తెల్లబడాలి. మాకు పాచిపట్టిన నీళ్ళ రంగు వచ్చింది. ఆకుపచ్చ బల్బు మిగతావాటిని తినేస్తోంది. దాన్ని జానెడు జానెడు వెనక్కి జరుపుతూ, ఎర్ర బల్బును ముందుకు తెస్తూ పోతే దాదాపు గంటకు గోడ తెల్లబడింది. అప్పుడు ఒక పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది.

గోడ మీద ఒక చేతికి మూడు నీడలు. ఒక్కటీ నల్లగా లేదు.

"మేడం, ఇది రాణి పింకు!" "ఇది ఆనంద బ్లూ!" "ఇది నిమ్మపండు పసుపు!" చీరల రంగుల పేర్లు వరసపెట్టి వచ్చాయి. నేను రాసుకొచ్చిన పేర్లు పక్కన పెట్టేశాను. ఆనంద బ్లూ నీడ ఎక్కడ పడిందో అక్కడికి ఎర్ర వెలుతురు రాలేదు, ఆకుపచ్చ, నీలం మాత్రం వచ్చాయి. రాణి పింకు దగ్గర ఆకుపచ్చ లేదు. పసుపు దగ్గర నీలం లేదు. పసుపు మీద పెద్ద గొడవ జరిగింది. ఎరుపు, ఆకుపచ్చ కలిస్తే పసుపు ఎట్లా అవుతుంది, రంగుల డబ్బాలో కలిపితే బురదరంగు వస్తుంది కదా అని. నీలం బల్బు ఆర్పేశాను. గోడంతా పసుపు. నోళ్ళు మూతపడ్డాయి, కానీ ఒకమ్మాయి మాత్రం ఇంటికెళ్ళి రంగులు కలిపి, బురదరంగు కాగితం తెచ్చి గోడ పక్కన పెట్టి చూసింది. "రంగు డబ్బాలో కలిపితే ఒకదాన్నొకటి మింగుతాయి. గోడ మీద ఒకదానికొకటి తోడైతాయి" అంది. నేను ఆ మాటను అలాగే చార్టు మీద రాయించాను.

నిమ్మలకుంట మా మండలంలోదే. తోలుబొమ్మల పనికి పేరున్న ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఊరి నుంచి వచ్చే పిల్లవాడొకడు ఇంట్లో తయారుచేసే తోలు దీపపు గొడుగు ముక్క ఒకటి తెచ్చాడు. మేక తోలును గీకి, పలచగా చేసి, రంగులద్దినది. పగటి వెలుతుర్లో చేత్తో పట్టుకుంటే మందకొడిగా ఉంటుంది. వెనక తెల్ల బల్బు పెట్టగానే మండిపోతుంది. మేం దాని వెనక ఎర్ర బల్బు పెట్టాం. బొమ్మ మీది ఆకుపచ్చ నల్లబడిపోయింది, ఎర్రచీర, తెల్లపూలు రెండూ ఒకటైపోయాయి. ఆకుపచ్చ బల్బు పెడితే ఎర్రచీర నల్లన. "మా తాత తెర వెనక పెద్ద బల్బు ఎందుకు అంత చూసి ఎంచుకుంటాడో ఇప్పుడు తెలిసింది మేడం" అన్నాడు వాడు.

ఇప్పుడు చెప్పేది ఫిబ్రవరి 6, గురువారం సాయంత్రం సంగతి.

మగ్గాల ఇళ్ళ నుంచి పట్టుదారం తుక్కు తెప్పించాను. తెల్ల బల్బు కింద ఏ రంగుకారంగు కుప్పలు పెట్టాలి, తర్వాత ఎర్ర బల్బు కింద అదే పని చేయాలి, ఎన్ని తప్పులొస్తాయో లెక్కపెట్టాలి. ఇదీ ఆట. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు తెల్ల బల్బు కిందే ముదురు ఆకుపచ్చ, మెరూన్ దారాలు ఒకే కుప్పలో వేశాడు. అందరూ నవ్వారు. వాడు ఆట పట్టిస్తున్నాడేమో అనుకుని నేను కూడా "సరిగ్గా చూడు నాయనా" అని కాస్త గట్టిగానే అన్నాను. వాడు మళ్ళీ అదే చేశాడు. ముఖం ఎర్రగా కందిపోయింది. ఆ మాట వెనక్కి తీసుకోగలిగితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందరూ వెళ్ళాక వాణ్ణి ఆపి, పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. ఇంట్లో మగ్గం దగ్గర దారం చుట్టిన కండెలు అందించేటప్పుడు రంగు చూడడట. ఏ కండె ఏ మూల పెట్టారో గుర్తుపెట్టుకుంటాడు. ఎవరైనా కదిలిస్తే చెల్లెల్ని అడుగుతాడు. అందరికీ ఇట్లే ఉంటుందనీ, తనకే జ్ఞాపకం తక్కువనీ అనుకున్నాడు ఇన్నేళ్ళూ.

మాట మార్చడానికి అన్నట్టు నేను ఎర్ర బల్బు వేసి దారాలు సర్దుతున్నాను. వాడు ముందుకు వంగాడు. "మేడం, ఇప్పుడు తేడా తెలుస్తాండాది."

మెరూన్ దారం ఎర్ర వెలుతుర్లో తెల్లగా తేలింది, ఆకుపచ్చది నల్లబడింది. రంగు తేడా వాడికి అందదు, కానీ వెలుగు చీకటి తేడా అందుతుంది. నేను గబగబా ఎర్ర జిలెటిన్ కాగితం ముక్క ఒకటి ఇచ్చి, తెల్ల బల్బు వేసి, దీన్ని కంటికి అడ్డం పెట్టుకుని చూడమన్నాను. అన్ని మెరూన్ పోగులూ ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టాడు. ఒక్క తప్పు లేదు. జిలెటిన్ షీటు పది రూపాయలు. నేను బోర్డు వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

ఫిబ్రవరి 8 శనివారం వాళ్ళ నాయనతో కలిసి పట్నంలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఫీజు 300, రెండు గంటలు కూర్చున్నాం, పరీక్ష పది నిమిషాలు. రంగు చుక్కల్లో దాగిన అంకెలు చదివే పుస్తకం. కొన్ని పేజీల్లో వాడికి అంకే కనబడలేదు, వాళ్ళ నాయన పక్క నుంచి చూస్తూ ఉండిపోయాడు. ఎరుపు-ఆకుపచ్చ వర్ణాంధత అన్నారు. పుట్టుకతో వచ్చేది, మందు లేదు, పెరగదు కూడా. చూపు పదునుగానే ఉంది. మగపిల్లల్లోనే ఎక్కువగా వస్తుంది, తల్లి వైపు నుంచి దిగుతుంది, తల్లికి మాత్రం మామూలుగా ఉండొచ్చు అని చెప్పారు. జిలెటిన్ సంగతి అడిగితే, దారాలు ఏరుకోవడం లాంటి పనులకు వాడుకోవచ్చు, దానివల్ల కన్ను మారదు, రోడ్డు మీద పెట్టుకుని తిరగొద్దు అన్నారు. ఇంటికెళ్ళాక తల్లి "నా వల్ల వచ్చిందా మేడం" అని ఏడ్చింది. మీ తప్పేం లేదని చెప్పాను. ఒక్కసారి చెబితే తీరే బాధ కాదది, నెలలో మూడుసార్లు వెళ్ళాను.

వాడికి రైలింజను నడపాలని కోరిక. ధర్మవరం జంక్షను కదా, రైళ్ళు చూస్తూ పెరిగాడు. సిగ్నల్ రంగులు గుర్తుపట్టాల్సిన ఉద్యోగానికి ఈ పరీక్షలో నెగ్గాలని డాక్టరు చెప్పినప్పుడు వాడేమీ అనలేదు. నేను ఇప్పటివరకు ఆ విషయం వాడితో ఎత్తలేదు. ఎత్తాలి.

తర్వాతి పది రోజులు సీడీ కోసం తిరిగాం. వెలుతుర్లో ఏ రంగులున్నాయో విడదీసి చూపే పెట్టె చేయాలంటే సీడీ కావాలి. దాని మీద మిల్లీమీటరుకు సుమారు 625 గీతలుంటాయి, అవే వెలుతురును రంగులుగా విడదీస్తాయి. 2025లో సీడీ ఎక్కడుంది? మా పిల్లల్లో చాలామంది చేత్తో పట్టుకుని కూడా చూడలేదు. చివరికి పెళ్ళి సీడీలు దొరికాయి. ఒకమ్మాయి తల్లి బీరువాలోంచి తీసి, "కోయొద్దు మేడం, మా అత్త ఉన్న బొమ్మ ఇందులోనే ఉంది" అని ఇచ్చింది. కోయలేదు. చెప్పుల అట్టపెట్టెకు ఒక చివర బ్లేడుతో వెంట్రుకంత సన్నటి చీలిక, రెండో చివర సీడీని ఏటవాలుగా ఆనించి, పైన చూడటానికి కిటికీ. సీడీ మీద ఒక్క గీత పడకుండా మార్చిలో తిరిగిచ్చాను. చీలిక సన్నగా లేకపోతే రంగులు అలుక్కుపోతాయి. మేం ఏడుసార్లు కోశాం.

ఆకాశం వైపు పెట్టి చూస్తే రంగులు తెగకుండా ఒకదాంట్లోకి ఒకటి జారాయి. పాత ట్యూబ్‌లైటు వైపు పెట్టాం. రంగులు విడివిడి చారలైపోయాయి. ఊదా ఒకటి, పదునైన ఆకుపచ్చ ఒకటి, నారింజ-ఎరుపు ఒకటి, మధ్యలో వెలితి. ఆ మొదటి రోజు ప్రశ్న అడిగిన అమ్మాయి పెట్టెను చాలాసేపు వదల్లేదు. ఆకాశం, ట్యూబ్‌లైటు, ఆకాశం, ట్యూబ్‌లైటు. తర్వాత తల ఎత్తి అంది: "వెలుతుర్లో లేని రంగును దారం యాడనుంచి తెచ్చి సూపిస్తాది మేడం?"

జనవరి 20న నేను చెప్పింది ఇదే. ఇప్పుడు అది తన మాట.

ఆ పెట్టెతో మా బల్బుల్ని కూడా పరీక్షించాం. మా ఆకుపచ్చ బల్బులో ఎరుపు, నీలం కూడా కొంచెం కనబడ్డాయి. అది లోపల తెల్ల ఎల్‌ఈడీ పెట్టి పైన ఆకుపచ్చ గుండు తొడిగిన రకం. గోడ పాచిరంగులో కనబడటానికి అదీ ఒక కారణం అయ్యుండాలి. అంగట్లో చెబితే మార్చి ఇంకోటి ఇచ్చారు. రంగు బల్బులు కొనేటప్పుడు ఈ పెట్టె జేబులో పెట్టుకెళ్ళే వీలుంటే ఎంత బాగుండునో.

సాయంత్రం సూర్యుడు ఎందుకు ఎర్రబడతాడో చూపే ప్రయోగానికి పుస్తకంలో హైపో అనే రసాయనం, ఆమ్లం ఉన్నాయి, గంధకం వాసన మూసిన గదిలో వద్దనుకున్నాను. గాజు తొట్టిలో నీళ్ళు, అందులో పాలు చుక్కలు చుక్కలుగా. మొదటిసారి పిల్లలు గ్లాసుడు పోసేశారు, అంతా తెలుపే. పక్క నుంచి చూస్తే లేత నీలి పొగలా, ఎదురుగా చూస్తే టార్చి నారింజరంగులోకి వచ్చేదాకా చుక్క చుక్కకూ ఆగాలి. ఇది బాగా వచ్చింది, దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

శివరాత్రి 26న సెలవు, 27న అన్నీ మళ్ళీ అమర్చాం. 28 శుక్రవారం. 1928లో ఇదే తేదీన సి.వి. రామన్ తన పేరుతో పిలిచే ఫలితాన్ని కనుగొన్నారు: ద్రవంలోంచి వెళ్తూ వెలుతుర్లో కొంచెం రంగు మారుతుందని. చిన్నప్పుడు ఆయన విశాఖపట్నంలో చదువుకున్నారని చెప్తే పిల్లలకు నచ్చింది. ఆయన కూడా మొదట్లో వాడింది ఎండనే. ఎండకు ఒక రంగు వడపోత అడ్డం పెట్టి, ద్రవంలోంచి పంపి, అవతల ఆ రంగును ఆపేసే ఇంకో వడపోత పెట్టారు. చీకటి ఉండాల్సిన చోట మసక వెలుతురు మిగిలింది. మా పిల్లలు ఎర్ర జిలెటిన్ మీద ఆకుపచ్చ జిలెటిన్ పెట్టి, ఆ చీకటి ఎలా ఉంటుందో వచ్చినవాళ్ళకు చూపించారు.

పొద్దున్నుంచి ఊరంతా వచ్చింది. 11:20కి కరెంటు పోయింది. నలభై నిమిషాలు. బల్బులన్నీ ఆరిపోయాయి, నా గుండె జారిపోయింది. వెంటనే పిల్లలు జనాన్ని ఎండ ప్రయోగాలకు మళ్ళించారు. గోడ మీద సూర్యుడి బొమ్మ దగ్గర మా వాడే నిలబడ్డాడు, టేపు పట్టుకుని. ఆ పని వాడే కోరుకున్నాడు, అక్కడ రంగులతో పని లేదు. కొలవడం, భాగించడం, వచ్చినవాళ్ళ చేత కొలిపించడం. ఒక జేజి, మా వైపు అవ్వను అలా అంటాం, చేతికర్ర పక్కన పెట్టి, గోడ మీది వెలుతురు గుండ్రాన్ని అరచేత్తో తాకి, "ఇది ఆ పైనున్న సూర్యుడేనా నాయనా" అని అడిగింది. "ఆయనే జేజీ. పదిహేడుంబావు సెంటీమీటర్లు ఉండాడు ఇక్కడ" అన్నాడు వాడు. ఆమె అక్కడే దండం పెట్టుకుంది.

ఖర్చు మొత్తం 1,730 అయింది. వెయ్యి బడి గ్రాంటులోంచి వచ్చింది, 730 నేను పెట్టుకున్నాను. మళ్ళీ చేస్తే అర వాట్ బల్బులూ, నల్ల చార్టులూ కొనను, పట్టకం కూడా కొననేమో. నెల ముందు కాదు, రెండు నెలల ముందు మొదలుపెడతాను. వచ్చిన పిల్లలందరికీ దారాల కుప్పల ఆట మొదటి వారంలోనే పెడతాను, ఒక్కొక్కరినీ విడిగా, ఎవరూ నవ్వే వీలు లేకుండా.

మార్చి 3న గది ఖాళీ చేయమన్నారు, పరీక్షల బెంచీలకు చోటు కావాలి. టేపు పీకుతుంటే సున్నం పెచ్చులు ఊడొచ్చాయి, అవి మేమే పూశాం. మా వాడు ఎర్ర జిలెటిన్ షీటులో మిగిలిన సగం అడిగి తీసుకున్నాడు, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఒక కిటికీ షీటు తీసేశాం. రెండోదాని దగ్గరికి వచ్చేసరికి పిల్లలు ఆగారు. ఇది ఉండనిమ్మని హెచ్ఎం సార్‌ను వాళ్ళే వెళ్ళి అడిగారు. సార్ లోపలికొచ్చారు, తలుపేశారు, ఐదు నిమిషాలు కూర్చున్నారు. మరమేకు బెజ్జం ఇంకా మూయలేదు. పేర్చిన బెంచీల మీద వేపచెట్టు తలకిందులుగా ఊగుతోంది.